మా సందు కెమెరాలు: ఆరు నెలలు వాడాక రాస్తున్న రివ్యూ

విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక సందులో నాకు మ్యాచింగ్ సెంటర్ ఉంది. జాకెట్టు ముక్కలు, ఫాల్స్, లైనింగు, లేసులు, పెళ్లిళ్ల రోజుల్లో పెట్టుడు చీరలు అమ్ముతాను. ఈ రివ్యూ నా షాపు గురించి కాదు. మా సందులో తొమ్మిది షాపులవాళ్లం కలిసి, పోలీసులతో మాట్లాడుకుని, రోడ్డు కనబడేలా ఎనిమిది కెమెరాలు పెట్టించుకున్నాం, ఆ ఏర్పాటు గురించి. దాసన్నపేట నుంచి ఇద్దరు, శ్రీకాకుళం జీటీ రోడ్డులో బట్టల షాపు ఉన్న మా ఆడపడుచు, ఇంకా నాకు ముఖపరిచయం కూడా లేని వాళ్లు కొందరు ఫోన్ చేసి ఎంతయింది, పనిచేస్తుందా, పోలీసులు ఊరికే పిలుస్తారా అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను. 5కి 4 ఇస్తాను. ఆ ఒక్కటి ఎక్కడ తగ్గించానో కూడా చెబుతాను.

ముందు ఇది ఎందుకు మొదలైందో చెప్పాలి.

2025 శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 8, శుక్రవారం వచ్చింది కదా. ముందురోజు గురువారం మా సందులో అడుగు పెట్టడానికి చోటు లేదు. గజపతినగరం వైపు నుంచి ఒక మామ్మ వచ్చింది, మనవరాలి పెళ్లికి పెట్టుడు చీరల మీదకి జాకెట్టు ముక్కలు కావాలని. ఆవు అమ్మిన డబ్బు 38 వేలు, చేతిరుమాల్లో మూట కట్టి గుడ్డ సంచీ అడుగున పెట్టుకుంది. అదే టైముకి నలుగురైదుగురు ఆడవాళ్లు కౌంటర్ దగ్గరికి తోసుకొచ్చి, ఆ రాణి కలర్ చూపించండి, ఆ చిలకపచ్చ తియ్యండి అని ఒకేసారి అడగడం మొదలుపెట్టారు. నేను వెనక్కి తిరిగి తానులు దించుతూ ఉన్నాను. వాళ్లు ఏమీ కొనలేదు. మామ్మ తీసుకున్నవి తక్కువే, రొంటిన ఉన్న డబ్బు తీసి ఇచ్చేసి వెళ్లిపోయింది. మూట పోయిన సంగతి ఇంటికెళ్లాక గానీ తెలియలేదు ఆవిడకి.

పాపం బస్సులో పడిపోయిందేమో అనుకుంది. డిపోకి వెళ్లింది, కండక్టర్‌ని వెతికి పట్టుకుని అడిగింది, ఇంట్లో అల్లుడి మీద అనుమానపడి ఆ గొడవ కూడా అయింది. ఇవన్నీ అయ్యాక, ఆగస్టు 15న, నా షాపుకి వచ్చింది. "బస్సులో ఒగ్గీసినాననుకున్నానమ్మా, ఎక్కడా నేదు, ఇక్కడేమైనా పడిందేటని వచ్చినాను" అంది. నేను ధైర్యంగా "కూర్చో మామ్మా, నా దగ్గర కెమెరా ఉంది, చూద్దాం" అన్నాను. కెమెరాల రికార్డింగు పెట్టె తెరిచి వెనక్కి జరుపుకుంటూ వెళ్తే ఆగస్టు 9 దగ్గర ఆగిపోయింది. అంతకు ముందు ఒక్క నిమిషం కూడా లేదు. ఆవిడ నా పక్కనే నిలబడి, కళ్లజోడు సర్దుకుని, ఖాళీగా ఉన్న నల్ల తెర వంక చూస్తూ "ఏటమ్మా, కనిపిస్తన్నానా నాను?" అని అడిగింది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నా షాపులో, నా కౌంటర్ ముందు, నేను వీపు తిప్పి ఉన్నప్పుడు పోయిన డబ్బు అది.

ఆ కెమెరాలు రెండేళ్ల క్రితం ఒకతను పెట్టాడు. పేరు రాయను. "నెల రోజుల రికార్డింగు ఉంటుంది మేడం, ఏ టెన్షన్ లేదు" అన్నాడు, నేను నమ్మాను. నిజానికి లెక్క చాలా తేలిక, మనకి ఎవరూ చెప్పరు, అంతే. కెమెరా సెకనుకి 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే రోజుకి 21 జీబీ పైన అవుతుంది. నాకున్నట్టు నాలుగు కెమెరాలంటే 86, ఎనిమిది అంటే 170 దాటుతుంది. నా పాత పెట్టె వీడియోని కుదించేది హెచ్.264 అనే పాత పద్ధతిలో, అదే బొమ్మకి దాదాపు రెట్టింపు చోటు తినేస్తుంది, పైగా అందులో ఉన్న హార్డ్‌డిస్క్ 1 టీబీ, అంటే వెయ్యి జీబీ. దాంతో ఆరు రోజులకి నిండిపోయి, పాతవాటి మీదే కొత్తవి రాసుకుపోతూ ఉంది. రెండేళ్లుగా అలాగే జరుగుతోంది, నేను ఒక్కసారి కూడా వారం వెనక్కి వెళ్లి చూసుకోలేదు. మీరు ఇది చదువుతున్నవాళ్లు షాపుల వాళ్లయితే ఇప్పుడే లేచి మీ పెట్టెలో నెల కిందటి తేదీ కొట్టి చూడండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

మామ్మని తీసుకుని స్టేషన్‌కి వెళ్లాను. ఫిర్యాదు తీసుకున్నారు. దొంగతనాల కేసులు చూసే క్రైమ్ పార్టీ కానిస్టేబుల్ ఒకాయన మా సందుకి వచ్చి మిగతా షాపుల పెట్టెలు చూశారు. ఒక షాపులో రికార్డింగు ఉంది, కానీ కెమెరా అంతా గల్లాపెట్టె మీదకే ఉంది, రోడ్డు మీద వెళ్లేవాళ్ల కాళ్లు తప్ప ఏమీ కనబడవు. చెప్పుల షాపులో రోడ్డు బాగానే కనబడుతుంది, కానీ పెట్టెలో గడియారం 40 నిమిషాలు వెనక ఉంది, అది తెలియక ఆయన గంటసేపు తప్పుడు టైములో వెతికారు. ఆ గడియారం సంగతి పట్టుకున్నాక ఆ నలుగురైదుగురు ఆడవాళ్లు సందులోంచి బయటికి నడుస్తున్నది కనబడింది, వెనక నుంచి, మొహాలు లేకుండా. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "అమ్మా, ఈ సందులో నేను లెక్కపెడితే 23 కెమెరాలున్నాయి. ఒక్క మొహం లేదు" అన్నారు.

అదే మమ్మల్ని కదిపింది. ఎవరికి వాళ్లం మా గల్లాపెట్టెని, మా పనివాళ్లని చూసుకోడానికి పెట్టుకున్నాం గానీ, బయట నడిచే మనిషి కోసం ఎవరం పెట్టలేదు.

తర్వాత ఆదివారం తొమ్మిది షాపులవాళ్లం కూర్చున్నాం. సీఐ గారిని పిలిస్తే వచ్చారు, గంటసేపు ఉన్నారు. ఆయన చెబితేనే తెలిసింది, 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఉన్నప్పుడే ప్రజా భద్రత చర్యల చట్టం ఒకటి వచ్చిందని. ఒకేసారి వంద మంది పోగయ్యే చోటు గానీ, రోజుకి 500 మంది వచ్చిపోయే చోటు గానీ అయితే కెమెరాలు పెట్టాలి, 30 రోజుల రికార్డింగు దాచాలి, పోలీసులు అడిగితే ఇవ్వాలి. నాలాంటి చిన్న షాపు ఒక్కటే చూసుకుంటే ఆ లెక్కలోకి రాకపోవచ్చు, కానీ మా సందు మొత్తం తీసుకుంటే పండగ రోజుల్లో ఆ 500 మంది అరగంటలో వస్తారు. అందుకే విడివిడిగా కాకుండా సందుకంతటికీ ఒకే పెట్టె అనుకున్నాం.

ఖర్చు అందరూ అడుగుతున్నారు కాబట్టి విడమర్చి రాస్తాను. 4 మెగాపిక్సెల్ ఐపీ కెమెరాలు ఎనిమిది, ఒక్కోటి 3,800. ఎన్‌వీఆర్ పెట్టె, అంటే రికార్డింగు దాచేది, 8,000. కెమెరాల కోసమే వచ్చే 6 టీబీ హార్డ్‌డిస్క్ 17,000, ఇదే అందరికీ ఎక్కువ అనిపించింది, ఇక్కడే గంట వాదన జరిగింది, నేను మామ్మ సంగతి చెప్పి గట్టిగా నిలబడ్డాను. కెమెరాల వైర్లన్నీ కలిపే స్విచ్ 5,500, యూపీఎస్ 6,000, వైర్లు పెట్టెలు కూలీ కలిపి 9,100. మొత్తం 76,000. షాపుకి 8,500 వేసుకున్నాం, మిగిలిన 500 పెట్టి "ఈ వీధి కెమెరాల నిఘాలో ఉంది" అని రెండు బోర్డులు రాయించాం. ఇప్పుడు మా పెట్టెలో 34 రోజుల వరకు ఉంటుంది. నేను ప్రతి నెలా ఒకటో తారీకున పాత నెల ఒకటో తారీకు కొట్టి చూస్తాను.

ఈసారి కెమెరాలు పెట్టిన కుర్రాడు బాగా చేశాడు. ముందు అందరిలాగే పైన, పదిహేను అడుగుల ఎత్తున, ఎవరూ ముట్టుకోకుండా పెడదామన్నాడు. ఆ క్రైమ్ పార్టీ కానిస్టేబుల్ వచ్చి వద్దన్నారు. అంత పైనుంచి అయితే నడినెత్తి తప్ప మొహం కనబడదట. తొమ్మిది అడుగుల దగ్గర పెట్టించారు. ఆయనే రోడ్డు మీద నడిచి చూపించారు, ఒకసారి తల వంచుకుని, ఒకసారి టోపీ పెట్టుకుని, ఒకసారి మాస్కు వేసుకుని, మేం తెర మీద చూస్తూ ఇంకొంచెం కిందకి, ఇంకొంచెం ఎడమకి అని చెబుతూ కూర్చున్నాం. సందు రెండు కొసల్లో ఉన్న కెమెరాలకి మాత్రం దూరం చూసే లెన్సు వేశారు, బళ్ల నంబర్ల కోసం. మామూలుగా వేసే 2.8 లేదా 3.6 ఎం.ఎం. లెన్సులో వెడల్పు బాగా వస్తుంది గానీ పదిహేను ఇరవై అడుగుల అవతల నంబర్ చదవలేం. పోలీసుల్లో బీట్ తిరిగినవాళ్లకి తెలిసిన విషయాలు ఇవి, కెమెరాలు అమ్మేవాళ్లకి చాలామందికి తెలియవు. నన్నడిగితే పోలీసులతో కలిసి చేయడంలో మాకు దొరికిన పెద్ద లాభం ఆ ఒక్క సాయంత్రమే.

పెట్టెకి ఇంటర్నెట్ ఇచ్చి టైము దానంతట అదే సరిచూసుకునేలా పెట్టించాం. పాస్‌వర్డు మార్పించాం. ఇది చిన్న విషయం అనుకోకండి. 2025 ఫిబ్రవరిలో రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల వీడియోలు బయటికి వెళ్లిపోయి అమ్ముడుపోయాయి, కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డే ఉంచేయడం అక్కడ ఒక కారణం. నా షాపుకి ఆడవాళ్లు వస్తారు, లోపల గదిలో కొలతలు చూసుకుంటారు, పిల్లలకి పాలిస్తారు. అందుకని షాపు లోపల ఉన్న పాత కెమెరాలు రెండు తీసేశాను, మిగిలినవి కౌంటర్ వరకే. రోడ్డు కెమెరాలు ఏ షాపు గుమ్మం లోపలికీ తిరగకూడదని అందరం ఒప్పుకున్నాం.

ఇక పోలీసుల సంగతి. అందరూ భయపడేది ఇక్కడే, నేనూ భయపడ్డాను. వీడియో ఇస్తే సాక్షి అంటారు, స్టేషన్ చుట్టూ, కోర్టు చుట్టూ తిప్పుతారు, వ్యాపారం మానుకుని కూర్చోవాలి అని మా పెద్దవాళ్ల నుంచీ వింటున్న మాటే. ఈ మాట సీఐ గారి ముందే అన్నాం. ఆయన దాచకుండా చెప్పారు, కోర్టుకి ఒకసారి రావాల్సి రావచ్చు, రాదని నేను మాట ఇవ్వను అని. కానీ ఆడవాళ్లని, 60 దాటిన వాళ్లని విచారణకి స్టేషన్‌కి రమ్మని పిలవకూడదని, వాళ్లుండే ఇంటికే పోలీసులు రావాలని, పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 179వ సెక్షన్‌లో ఉందని చెప్పారు. పాతదాంట్లో కూడా ఇలాంటిదే ఉందట, మాలో ఎవరికీ తెలియదు. నేను ఇప్పటిదాకా మూడుసార్లు వీడియో ఇచ్చాను, మూడుసార్లూ నా షాపులోనే మాట్లాడారు.

వీడియో ఇవ్వడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. కెమెరాలు లైవ్‌లో స్టేషన్‌కి కలపలేదు. పెట్టె మా దగ్గరే, చెప్పుల షాపు మేడమీద తాళం వేసిన బీరువాలో ఉంటుంది. పోలీసులు కాగితం మీద రాసి ఇస్తారు, ఏ తేదీ, ఏ టైము నుంచి ఏ టైము వరకు అని. మేం పెన్‌డ్రైవ్‌లో వేసి, రిజిస్టర్‌లో రాసుకుని, సంతకం తీసుకుంటాం. కాపీ ఇచ్చేటప్పుడు కొత్త సాక్ష్యాల చట్టం (సాక్ష్య అధినియం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ కూడా కావాలి. 2024 జూలై 1కి ముందు దీన్నే 65బి అనేవారు, అది లేకపోతే కాపీ చెల్లదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. ఆ ఫారంలో ఒక భాగం పెట్టె ఎవరి చేతిలో ఉందో వాళ్లు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు మారలేదని చూపించే హ్యాష్ నంబర్ కూడా రాయాలి. మొదటిసారి మాకేమీ అర్థం కాలేదు, స్టేషన్ రైటర్ గారే కూర్చోబెట్టి రాయించారు. ఈ కాగితాలు విసుగే, ఒప్పుకుంటాను. కానీ ఆ రిజిస్టర్ ఉండబట్టే, మఫ్టీలో వచ్చి "మాదే స్టేషన్, అర్జెంటుగా ఆ అమ్మాయి ఎప్పుడు వెళ్లిందో చూపించు" అన్న ఒకడిని మా చెప్పుల షాపు అబ్బాయి కాగితం అడిగి వెనక్కి పంపగలిగాడు. తర్వాత కనుక్కుంటే వాడు పోలీసే కాదు.

పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ రోజు సంగతి చెప్పాలి. 2025 అక్టోబర్ 7, మంగళవారం. మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరిగేసరికి మా సందు కూడా జనంతో నిండిపోతుంది, లక్షల్లో వస్తారు. షాపులు మూసేసి మేం మేడల మీద ఉన్నాం. ఒక ఆరేళ్ల బాబు తప్పిపోయాడు, బొండపల్లి నుంచి వచ్చిన కుటుంబం, తల్లి మా మెట్ల మీద కూర్చుని గుండెలు బాదుకుంటోంది. మా వాట్సాప్ గ్రూపు ఉంది, బీట్ కానిస్టేబుల్ అందులోనే ఉన్నారు, ఫొటో పెట్టాం. వెళ్లలేదు. అంత జనంలో ఫోన్ సిగ్నల్ ఎక్కడ ఉంటుంది! మేం ఎవరం దాని గురించి ముందు ఆలోచించలేదు. అప్పుడు పెట్టె దగ్గర ఇద్దరం కూర్చుని వెనక్కి తిప్పితే, పసుపు చొక్కా పిల్లాడు ఒక బుడగల కర్ర వెంట నడుచుకుంటూ మూడు లాంతర్ల వైపు వెళ్లడం కనబడింది, టైము 3:12. ఒక చీటీ మీద చొక్కా రంగు, టైము, ఏ వైపు వెళ్లాడో రాసి, మా షాపులో పనిచేసే కుర్రాడిని పరిగెత్తించి పోలీసుల ఔట్‌పోస్టుకి పంపాం. వాళ్లు మైకులో చెప్పారు. నలభై నిమిషాలకి జీళ్ల కొట్టు ముందు దొరికాడు, కొట్టువాడు ఏడవకుండా జీళ్లు పెట్టి కూర్చోబెట్టాడట. వచ్చే పండక్కి అందుకే ఫోన్లు నమ్ముకోకుండా సందుకి ఇద్దరు కుర్రాళ్లని ఈ పని మీదే ఉంచాలనుకున్నాం, స్టేషన్‌లో కూడా చెప్పి ఉంచాం.

వాట్సాప్ గ్రూపు వల్ల జరిగిన చెడు కూడా రాయాలి. నవంబర్‌లో మాలో ఒకరు ఒక అమ్మాయి ఫొటో గ్రూపులో పెట్టి "దొంగ, అందరూ జాగ్రత్త" అని రాశారు. చంకలో పిల్లతో పిన్నీసులు, దువ్వెనలు, సవరాలు అమ్ముకునే అమ్మాయి. ఆవిడ చేసిందల్లా ఒక కస్టమర్ పక్కన కాసేపు నిలబడటం, కింద పెట్టిన తన మూట తను తీసుకోవడం. నేను వీడియో మొత్తం చూశాను, రెండుసార్లు చూశాను. ఈలోపు ఆ ఫొటో రెండు మూడు గ్రూపులు దాటిపోయింది, మూడో రోజు కోట జంక్షన్ దగ్గర ఆవిడని ఎవరో ఆపి మూటంతా రోడ్డు మీద విప్పించారు. తెల్లవాళ్లు 1871లో ఒక చట్టం చేసి కొన్ని కులాలవాళ్లు పుట్టుకతోనే నేరస్థులని రాశారు, ఆ రాత 1952లో రద్దయింది, మన మనసుల్లో మాత్రం ఇంకా అక్కడక్కడా ఉంది. ఆవిడని వెతికి షాపుకి పిలిచి, ఫొటో పెట్టినాయన చేత క్షమాపణ చెప్పించాం. ఆవిడ తలూపి, "పిల్ల బెదిరిపోనాదమ్మా" అని ఒక్క మాట అంది. అప్పటినుంచి గ్రూపులో మనిషి ఫొటో పెట్టకూడదు. అనుమానం ఉంటే కానిస్టేబుల్‌కి విడిగా పంపాలి, ఆయన చూసి చెబుతారు. ఇలాంటిది మీ దగ్గర మొదలుపెడితే కెమెరాల కంటే ముందు ఈ నియమం పెట్టుకోండి, దండం పెట్టి చెబుతున్నాను.

సంక్రాంతి ముందు జరిగింది అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా రాస్తాను. ఒక రిటైర్డ్ మాస్టారు బ్యాంకులో 60 వేలు తీసుకుని మా సందులో స్కూటర్ ఆపారు. ఒకడు వచ్చి "మాస్టారూ, చొక్కా వెనక ఏదో పడింది చూడండి" అన్నాడు, ఆయన తిరిగి తుడుచుకునేలోపు ఇంకొకడు డిక్కీలో సంచీ తీసుకుపోయాడు. బండి నంబర్ మొత్తం రాలేదు, చివరి రెండు అంకెలే వచ్చాయి. కానీ మడ్‌గార్డ్ మీద సగం చిరిగిన స్టిక్కర్, ఒకడి కుడి చెప్పుకి తెగి కట్టిన తాడు స్పష్టంగా కనబడ్డాయి, తొమ్మిది అడుగుల ఎత్తున పెట్టినందుకు. పదకొండో రోజుకి పట్టుకున్నారు. 41 వేలు దొరికింది. అది కూడా వెంటనే చేతికి రాదు, కోర్టులో పిటిషన్ వేసుకుని తీసుకోవాలి, మాస్టారికి నెలన్నర పట్టింది.

బంగారం షాపులవాళ్లు మాలో ఇద్దరున్నారు, వాళ్ల బాధ వేరు. దొంగసొత్తు అని తెలిసి, లేదా అలా అనుకోడానికి కారణం ఉండీ కొంటే, పాత ఐపీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్ 317 కింద నేరం. తెలియకుండా కొన్నా, దొంగ వచ్చి "ఇక్కడే అమ్మాను" అని వేలు చూపిస్తే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. వాళ్లు మొదట్లో మా మీటింగుకే రామన్నారు. ఇప్పుడు వాళ్లకే ఎక్కువ ఉపయోగపడుతోంది. పాత బంగారం తెచ్చినవాళ్ల ఆధార్ కాపీ, ఫొటో, తూకం చీటీ, వచ్చిన టైము రాసుకుంటున్నారు, అనుమానం వస్తే కొనకముందే ఫోన్ చేస్తున్నారు. ముందు రాసి పెట్టుకున్న మనిషితో పోలీసులు మాట్లాడే తీరే వేరు, అది నేను కళ్లారా చూశాను.

మిగతావి చిన్నవి. టీ కొట్టు క్యూఆర్ కోడ్ మీద ఎవరో వేరే స్టిక్కర్ అతికించారు, సాయంత్రానికి గ్రూపులో తెలిసి అందరం మా మా స్టిక్కర్లు గీకి చూసుకున్నాం, ఇప్పుడు అందరం డబ్బు పడగానే పైకి చెప్పే సౌండ్ బాక్సులు పెట్టుకున్నాం. ఆన్‌లైన్ మోసం అయితే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్, తర్వాతే స్టేషన్, ఎంత తొందరగా చేస్తే డబ్బు అంతగా ఆగే అవకాశం. ఫోన్ పోతే ప్రభుత్వ వెబ్‌సైట్ సీఈఐఆర్‌లో ఐఎంఈఐ నంబర్ పెట్టి బ్లాక్ చేయించవచ్చు, ఆ నంబర్ ఉండే బిల్లులు దాచుకోండి. తిరుపతి వెళ్లినప్పుడు ఇంటికి, తాళం వేసిన ఇళ్ల మీద పోలీసులు నిఘా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ కెమెరా అడిగాను, పోలీసులే వచ్చి పెట్టి, వచ్చాక తీసుకెళ్లారు, పైసా తీసుకోలేదు. ఇది మన రాష్ట్రంలో ఉన్న మంచి సేవ, ఊరెళ్లే ముందు చెప్పడానికి చాలామంది బద్ధకిస్తారు.

ఇక ఆ ఒక్క మార్కు. సందు మలుపులో వీధిలైటు వెలగడం లేదు. డిసెంబర్ నుంచి అడుగుతున్నాం. చీకట్లో కెమెరా తన ఇన్‌ఫ్రారెడ్ లైటుతో చూస్తుంది గానీ రంగులు రావు, బండి హెడ్‌లైటు ఎదురుగా పడితే నంబర్ ప్లేటు తెల్లగా వెలిగిపోతుంది, ఏమీ చదవలేం. రాత్రి తొమ్మిది తర్వాత ఆ మలుపు కెమెరా ఉన్నా లేనట్టే. ఇంకొకటి, ఆ లైటుకి పురుగులు వస్తాయి, పురుగుల కోసం సాలీళ్లు వస్తాయి, వాన పడ్డ మర్నాడు అద్దం ముందు గూడు. పదిరోజులకోసారి ఎవరో ఒకరు నిచ్చెన వేసి తుడవాలి. నెలకి షాపుకి 150 మెయింటెనెన్సు అనుకున్నాం, ఒకరు రెండు నెలలుగా ఇవ్వడం లేదు. ఇంకా పెద్ద భయం నాకు వేరే ఉంది. ఈ ఏర్పాటంతా ఆ సీఐ గారు, ఆ కానిస్టేబుల్ మంచివాళ్లు కావడం మీద నడుస్తోంది. బదిలీలు వస్తాయి. కొత్తగా వచ్చినవాళ్లు కాగితం లేకుండా పెట్టె ఇమ్మంటే ఏం చేయాలి? అందుకే మేం పెట్టుకున్న నియమాలన్నీ ఒక పేజీలో రాసి, తొమ్మిది షాపుల సంతకాలు, స్టేషన్ సీలు వేయించి, ఒక కాపీ స్టేషన్‌లో, ఒకటి రిజిస్టర్ మొదటి పేజీలో అంటించాం.

మామ్మ డబ్బు దొరకలేదు. అది దొరికిందని రాయగలిగితే 5కి 5 ఇచ్చేదాన్ని.

చూడాలనుకునేవాళ్లు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య రండి, ఆ టైములో బేరం తక్కువ, కూర్చోబెట్టి పెట్టె, రిజిస్టర్, నియమాల కాగితం అన్నీ చూపిస్తాను. కెమెరాలు పెట్టిన కుర్రాడి నంబర్ అక్కడే ఇస్తాను. ఆ కాగితం జిరాక్స్ తీసుకెళ్లండి, మా ఆడపడుచు వాళ్లు ఇప్పటికే తీసుకెళ్లారు, వాళ్ల సందులో ఏడు షాపులు ఒప్పుకున్నాయట, ఇంకా నాలుగు ఒప్పుకోవాలి.